పదకొండు పాటల దూరం

అమ్మమ్మ పనిచేసే ఆసుపత్రి మా ఇంటికి ఎంత దూరమని అడిగితే ఆవిడ కిలోమీటర్లూ చెప్పదు, నిమిషాలూ చెప్పదు. పదకొండు పాటలు అంటుంది. పది వేళ్ళూ ముడిచాక మళ్ళీ ఒక బొటనవేలు ముడిస్తే గేటు వస్తుందట. ఈ లెక్కలో తప్పు పట్టేంత చదువు నాకు లేదు. తొమ్మిదో తరగతిలోనే నేనూ లెక్కలూ ఒకరినొకరం వదిలేసుకున్నాం.

ఆసుపత్రి అనగానే డాక్టరమ్మ అనుకునేరు. ఆవిడది ఆ భవనం అడుగున ఉన్న లాండ్రీ. అందులో తడి వైపు, పొడి వైపు అని రెండున్నాయి. తడి వైపు వాళ్ళు నీళ్ళోడుతున్న దుప్పట్ల మూటలు యంత్రాల్లోంచి లాగి బండ్లకెత్తుతారు. పొడి వైపు వాళ్ళు ఆరినవి మడతపెడతారు. అమ్మమ్మ పొడి వైపు మనిషి. పెద్ద దుప్పటి మడత ఒక్కరివల్ల కాదు కాబట్టి ఆవిడకో జోడీ ఉంది. బాగా పొడుగని అందరూ ఆమెను నిచ్చెన అంటారు. చెరో అంచూ పట్టుకుని ఇద్దరూ ఎదురెదురుగా నడిచి కలుస్తారు, వెనక్కి వెళ్తారు, మళ్ళీ కలుస్తారు. రోజుకి నాలుగు వందల దుప్పట్లు. అన్నిసార్లు కలిశాక ఒకరి మొహం ఒకరికి మొహం మొత్తాలి కానీ, నిచ్చెన సెలవు పెడితే ఆ రోజు అమ్మమ్మకి అన్నం సయించదు.

అమ్మమ్మ పాటలు వినే ఫోను ఒకప్పుడు నాది. నేను ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేస్తాను. అయినా దాని తెర కింది సగం చచ్చిపోయి ఏడాదైంది. ఇంట్లోవాళ్ళ ఫోను బాగుచేసే తీరిక మాకెక్కడిది? దాంతో పాట మార్చడానికి లేదు, షఫుల్ ఆపడానికి లేదు. రెండు వందల పాటలు కలిపేసిన పేకముక్కల్లా ఏది పడితే అది వస్తుంది. అవి సినిమా పాటలు కావు, ఇండీ పాటలు. అంటే వెనక ఏ కంపెనీ లేకుండా, ఎవరి గదిలో వాళ్ళు వాయించుకుని పాడుకుని రికార్డు చేసి వదిలినవి. ఈ సంగతి నేను గొప్పగా వివరించి చెబితే అమ్మమ్మ కాసేపు ఆలోచించి, వీళ్ళకి సినిమాల్లో పని దొరకలేదా పాపం అంది.

తెర మీది పేర్లు చదవలేదు కాబట్టి తనే పేర్లు పెట్టుకుంది. ముక్కుతో పాడేవాడు జలుబబ్బాయి. ప్రతి మాటనీ సగంలో మింగేసే ఆవిడ అలిగినమ్మ. ఒక పాట మధ్యలో ఎవరో తలుపు తీసుకుని గదిలోకి వచ్చిన చప్పుడు వినిపిస్తుంది. అది తలుపు పాట. ఆ వచ్చినవాళ్ళు కూర్చున్నారా, వెళ్ళిపోయారా అని నన్ను చాలాసార్లు అడిగింది.

నాలుగున్నరకి లేచి, ఐదుంబావు బస్సులో వెనకనుంచి రెండో సీటులో కిటికీ పక్కన కూర్చుంటుంది. చెవుల్లో తీగలు పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. అది నిద్రా కాదు, మెలకువా కాదు. పాటకీ పాటకీ మధ్య రెండు ఊపిరులంత ఖాళీ వస్తుంది కదా, అప్పుడు ఒడిలో ఒక వేలు ముడుచుకుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా మడతపెడుతున్న చేతులవి, నిద్రలోనూ పని మానవు. పదకొండో వేలికి కళ్ళు తెరిస్తే కిటికీలో ఆసుపత్రి గోడ. నాలుగు నెలలు ఈ లెక్క ఒక్కరోజు తప్పలేదు.

తప్పించింది నేనే. కొత్తగా ఒక బృందం నచ్చి, వాళ్ళవి తొమ్మిది పాటలు అడక్కుండానే ఆ ఫోనులో వేశాను. ఒక్కొక్కటీ పదీ పన్నెండు నిమిషాలు. మాటలుండవు. గిటారు ఒక్కటే తనలో తాను ఏదో ఆలోచించుకుంటున్నట్టు నడుస్తుంది. ఆ నెలలో అమ్మమ్మ రెండుసార్లు ఆఖరి స్టాపుదాకా వెళ్ళిపోయి, తిరుగు బస్సులో వచ్చి ఆలస్యంగా సంతకం పెట్టింది. ఎవరైనా లేపొచ్చు కదా అంటారేమో. ఆ బస్సుకి కండక్టర్ లేడు, డ్రైవర్లు వారానికొకరు మారతారు. మిగిలినవాళ్ళు అమ్మమ్మలాగే పొద్దుటి పనికి పోయేవాళ్ళు. ఆ బస్సులో మేలుకుని ఉండేది డ్రైవర్ ఒక్కడే, అతని మీదా నాకు అనుమానమే.

ఇదంతా ఆవిడ నాకు చెప్పలేదు. ఛార్జరు తీగ కోసం మా కొట్టుకొచ్చిన నిచ్చెన చెప్పింది. నెలలో మూడోసారి ఆలస్యమైతే తడి వైపుకి మార్చేస్తారట. సూపర్‌వైజర్ తిట్టడు, అరవడు, కాగితం మీద పేరు ఆ గడిలోంచి ఈ గడిలోకి రాస్తాడంతే. అమ్మమ్మ కుడి భుజం జుట్టు ముడి వేసుకునేంత కూడా పైకి లేవదు. రోజూ సాయంత్రం నేనే వేస్తాను, తెల్లారేసరికి అది ఎలా మిగిలితే అలా పనికి పోతుంది. ఆ చేత్తో తడి మూటలు ఎత్తాలంటే పని మానేయడమే.

సాయంత్రం ముడి వేస్తూ సంగతి ఎత్తాను.

"అలారం పెడతానులే అమ్మమ్మా."

"పొద్దున్నే ఒకసారి అరిపించుకుంటున్నా కదే. రోజుకి ఒకటి చాలు."

"పోనీ, ఆ పొడుగు పాటలు తీసేస్తా."

మోకాళ్ళు నొక్కుకుంటున్న చేతులు ఆగాయి. "వాటి జోలికెళ్ళకు. ఇంట్లో పడుకున్నా రేపటి దుప్పట్లే కనిపిస్తాయి. నాకు నిద్రంటూ పడుతోంది వాటిల్లోనే."

అప్పుడు నాకో తెలివైన ఆలోచన వచ్చింది. నాకు తెలివైన ఆలోచన వస్తే మా ఇంట్లో అందరూ భయపడతారు. నా గొంతుతో "అమ్మమ్మా, లే, దిగు" అని రికార్డు చేసి ఆ పాటల్లో కలిపేశాను. కలిపిన పేకలో ఏ ముక్క ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరన్న సంగతి మర్నాడు పళ్ళు తోముకుంటుంటే తట్టింది. అప్పటికే బస్సు వెళ్ళిపోయింది.

రెండో పాట అవగానే నేను దిగమన్నానట. ఆవిడ లేచి, సంచీ తీసుకుని, బుద్ధిగా కట్టెల అడితి దగ్గర దిగింది. బస్సు కదిలాక గానీ ఎదురుగా దుంగలు కనబడలేదు. పరిగెత్తి బస్సు పక్కన దబదబా బాదితే ఆగింది. ఇక్కడ నీకేం పనమ్మా అని డ్రైవర్ అడిగితే, మా మనవరాలు దిగమంది అని చెప్పి ఎక్కిందట. బస్సులో సగం మంది లేచి మనవరాలెక్కడని వెతికారట. ఆ రోజు ఎలాగో వేళకే చేరింది.

"నీ గొంతు అందులోంచి తీసెయ్. నువ్వే రా," అంది ఇంటికొచ్చి.

నెలాఖరుకి ఐదు రోజులున్నాయి. ఐదు రోజులూ నేను పక్కన కూర్చున్నాను. ఒక తీగ ఆవిడ చెవిలో, ఒకటి నా చెవిలో. ఆవిడ వేళ్ళు ముడవడం అప్పుడే మొదటిసారి చూశాను. దుప్పట్లకి రాసుకుని నున్నబడ్డ వేళ్ళు ఒక్కొక్కటీ తడుముకుంటున్నట్టు లోపలికి పోతాయి. మొదటి రోజు ఆవలింతలు లెక్కపెట్టాను. మూడో రోజుకి ఆ ఓపికా పోయింది.

ఆఖరి రోజు తొమ్మిది వేళ్ళు ముడిచాక పొడుగు పాట మొదలైంది. అమ్మమ్మ తల నా భుజం మీదికి జారింది. నోరు కొంచెం తెరుచుకుంది. నుదుటి మీద ఎప్పుడూ ఉండే ముడత పోయింది. అది పోతుందని కూడా నాకు తెలీదు. పాట సగంలో ఉండగానే ఆసుపత్రి గోడ వచ్చేసింది. నేను ఆ గోడని కాస్త ఎక్కువసేపే చూశాను. తర్వాత ఆవిడ భుజం, బాగున్న ఎడమ భుజం, పట్టుకుని ఊపాను.

"అమ్మమ్మా, లే. దిగు."

దొంగని చూసినట్టు చూసింది. "పాట అవలేదుగా."

"గేటొచ్చింది."

"ఒక్క నిమిషం ఆగమనవే."

బస్సు ఎవరి కోసం ఆగుతుంది? సంచీ నేను పట్టుకుని, ఆవిడని దింపాను. గేటు దగ్గర నిచ్చెన నిలబడి ఉంది. ఇద్దరూ ఒకే అడుగు వేసుకుంటూ మెట్లు దిగి కిందికి వెళ్ళిపోయారు. పేరు పొడి వైపు గడిలోనే ఉండిపోయింది.

మర్నాడు ఒకటో తారీకు. అలవాటుగా లేచి నేను చెప్పులేసుకుంటుంటే వద్దంది.

"ఈ నెలకి రెండున్నాయి నాకు."

"ఏం రెండు?"

"రెండుసార్లదాకా ఏమీ అనరు కదా. ఒకటి ఇవాళ్టికి పెట్టుకున్నా. పొడుగు పాట వస్తే ఇంక లేవను."

"రాకపోతే?"

"రాకపోతే పనికెళ్తా. రెండూ అయ్యాక నువ్వు రా." తీగలు చెవుల్లో దోపుకుని, నిన్నటి ముడితోనే వెళ్ళిపోయింది.

సాయంత్రం వచ్చి, చెప్పులు ఓ మూల వదిలి, ముడి వేయమని నా ముందు చతికిలబడింది. ఎక్కడిదాకా వెళ్ళావని అడిగాను.

"ఎక్కడికే," అంది. "పదకొండూ పొట్టివే వచ్చాయి. జలుబబ్బాయే మూడుసార్లు వచ్చాడు."