మూడింటిలోపు ఇవ్వాల్సిన కాయితాలు

మొన్న మంగళవారం అమలాపురం ఆసుపత్రిలో మా బావగారు పోయారు. మా అక్క భర్త, మా లంకకు రెండుసార్లు సర్పంచి. ఆయనతో పనిపడి విసుక్కోనివాళ్ళు లేరు. నేనైతే పైకి అనలేక లోపలే తిట్టుకునేవాణ్ణి.

పంచాయతీ ఆఫీసు మైలు దూరం. దారిలో పెద్దవాళ్ళెవరు కనబడినా సైకిలు దిగి కులాసా అడగాలి. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరేవారు. "మనిషిని దాటుకుపోయి చేసే పనేముంటుందండీ" అనేవారు.

అయినా గోదావరి పాయ మీద వంతెన కోసం తిరిగింది ఆయనొక్కరే. వరదొస్తే మాకు పడవ ఉండదు. పాము కరిచినా, నొప్పులొచ్చినా ఒడ్డునే కూర్చోవాలి. సర్పంచి మాట పైవాళ్ళు వినడం లేదని, మండలాలు రాకముందు, సమితి ప్రెసిడెంటుకి నిలబడతానన్నారు. బలపరుస్తూ సంతకం పెట్టింది నేను. నామినేషను కాయితాలు నా సంచిలోనే ఉన్నాయి. ఆఖరి రోజు. మూడింటిలోపు ఇవ్వాలి.

రేవు దాటగానే దారి మళ్ళించారు. పోటీలో ఉన్న అవతలాయన వరసకు ఈయనకి పెదనాన్న.

"పెద్దాయనతో ఓ మాట చెప్పకుండా ఆయన మీదెలా నిలబడతాం బావా? చెప్పేసి పోదాం" అన్నారు బావగారు.

పెద్దాయన, "ఆయ్, శుభం. నిలబడు నాయనా" అని దీవించారు. "భోజనం చెయ్యకుండా ఎలా వెళ్తారండీ" అని ఇద్దర్నీ కూర్చోబెట్టేశారు. పనసపొట్టు కూర. ఆయనకి పళ్ళు లేవు, ముద్దకో కబురు. పెద్దవాళ్ళు లేవందే పంక్తిలోంచి లేవకూడదు. గోడ గడియారం నాకెదురుగానే ఉంది. ఒంటిగంటన్నరయింది, రెండయింది. బావగారు, "దొడ్డమ్మా, ఇంకాస్త మజ్జిగ" అంటున్నారు. టైమయిందని నేనైనా ఒక్క మాట అనొచ్చు. అనలేకపోయాను.

మేం సమితి ఆఫీసుకి చేరేసరికి మూడు దాటి పది నిమిషాలు. గుమస్తా తలెత్తలేదు.

మర్నాడు ఆ పెద్దాయనే వచ్చారు. "తొందరుందని ముందే చెప్పకూడదటయ్యా, ఆకులో కట్టిచ్చేవాణ్ణి గదా" అని నిజంగానే బాధపడ్డారు. ఆయనే గెలిచారు. వంతెన ఊసు ఎత్తలేదు.

బావగారితో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆయన రోజూ వచ్చి ఇద్దరి వంతూ తనే మాట్లాడి వెళ్ళేవారు. "వంతెన ఇవాళ కాకపోతే రేపొస్తుంది బావా. పెద్దాయన తింటుండగా లేచిపోయేరన్న మాట మాత్రం పోదు" అన్నారు. ఆ మాటకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ ఆ తర్వాత వరదొచ్చిన ప్రతిసారీ, ఒడ్డున ఆగిపోయినవాళ్ళ దగ్గరికి కాఫీ కేరేజీ పట్టుకొచ్చి, నీళ్ళు తీసేదాకా అక్కడే కూర్చునేవారు. తప్పయిందని నోటితో ఎప్పుడూ అనలేదు.

బుధవారం పొద్దున ఆయన్ని రేవుకి తెచ్చాం. ఇప్పటికీ పడవే. ఆయన్ని పడవలో పడుకోబెట్టాక, "మీరెక్కండి", "అబ్బే, ముందు మీరండి" అంటూ అందరూ ఒడ్డునే నిలబడిపోయారు. ఎండెక్కుతోంది.

"టైమవుతోందండీ" అన్నాను.

అందరూ నావైపు చూశారు. తర్వాత ఒక్కొక్కరే తలొంచుకుని ఎక్కారు. పడవవాడు గెడ వేశాడు. పాయ మధ్యలో ఎదురుపడవ వచ్చింది. అందులోవాళ్ళు లేచి నిలబడి దణ్ణం పెట్టారు. మా పడవ ఆగలేదు.