సాయవ్వ బర్రె, మూడు క్లిప్పులు

2023లో, వానాకాలం వరి కోతలు జోరుగా సాగుతున్న రోజులు. బాన్సువాడలో మాకు సీసీ కెమెరాల దుకాణం ఉంది. నిచ్చెన ఎక్కి కెమెరాలు బిగించేది మా ఆయన. రికార్డయిన వీడియోను జల్లెడ పట్టి చూపించేది నేను. ఏ ఊరికి వెళ్లినా నన్ను చూడగానే "సారు రాలేదా?" అంటారు. "సారు నిచ్చెన ఎక్కుతడు, లోపల ఏమున్నదో నేనే చూస్త" అనడం నాకు అలవాటైపోయింది.

ఒకరోజు కోటగిరి వైపున్న ఒక ఊరి నుంచి ట్రాలీ ఆటో నడిపే నర్సింలు ఫోన్ చేశాడు. ఆ ఊళ్లో సాయవ్వ అనే ముసలామె బర్రె కనబడకుండా పోయింది. నెల కిందటే కాలువ అవతలి తండాలో కొన్నది, ఆమెకున్న ఆధారం అదొక్కటే. నర్సింలే ఎత్తుకుపోయాడని ఊరు తేల్చేసింది.

"అక్కా, నా బండ్ల ఉన్నది పక్కూరి బర్రె. పిట్లం పశువుల అంగడికి తీస్కపోయిన. దాన్ని కొన్న బేరగాని ఫోన్ కలుస్తలేదు. దొంగ అని పేరు పడితే ఇగ నా బండిని ఎవరు పిలుస్తరు?" అన్నాడు.

పంచాయతీ ఆఫీసులో టీవీ ముందు ఊరంతా చేరింది. ఒక పెద్దమనిషి నాకు కుర్చీ కూడా చూపించకుండా, "సాక్ష్యం కండ్ల ముంగట ఉండంగ ఇంకేం చూస్తవమ్మా?" అన్నాడు. వాళ్ల లెక్క ఇది: కిరాణా కొట్టు కెమెరాలో సాయవ్వ బర్రె ఒంటరిగా పోతోంది. చౌరస్తా కెమెరాలో, తెర మీద పడిన టైం ప్రకారం ఆ తర్వాతే, నర్సింలు ట్రాలీలో ఒక బర్రె ఉంది. అంటే మధ్యలో ఎక్కించుకున్నాడు. దొంగ దొరికాడనుకున్నాక తండాలో వెతకాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

నాకు ఒళ్లు మండింది గానీ, ముందు ల్యాప్‌టాప్ తెరిచాను. రెండు క్లిప్పులూ మళ్లీ మళ్లీ చూశాను. రెండింటిలోనూ ఒకే కోత మిషన్ ఉంది, ముందు ఎర్ర గుడ్డ కట్టినది. చౌరస్తాలో మళ్లితే గానీ అది కొట్టు దగ్గరికి రాలేదు. టైం చూస్తే మాత్రం కొట్టు ముందే ముందుగా కనిపించినట్టుంది. వెళ్లి చూస్తే, కొట్టు రికార్డర్‌లో గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ చచ్చిపోయి ఉంది. కరెంటు పోయినప్పుడల్లా టైం వెనకబడుతోంది.

మా రివ్యూ సాఫ్ట్‌వేర్‌లో సీక్వెన్స్ ప్లే అని ఒకటుంది. కావలసిన క్లిప్పులు ఎంచుకుంటే, మనం పెట్టిన వరుసలో ఆగకుండా ఆడిస్తుంది. మూడు ఎంచుకుని, "టైం చూడకుండ్రి, మిషన్‌ను చూడుండ్రి" అని నొక్కాను.

మొదట చౌరస్తా. నర్సింలు ట్రాలీ పిట్లం రోడ్డెక్కి వెళ్లిపోయింది, వెనకే మిషన్ వచ్చి కొట్టు వైపు మళ్లింది. తర్వాత కొట్టు. మిషన్ దాటింది, దుమ్ము అణిగాక దాని వెనక సాయవ్వ బర్రె. అది రోడ్డు మీదికి వచ్చేసరికే ట్రాలీ ఊరు దాటింది. మూడోది కాలువ వంతెన దగ్గరి రైస్ మిల్లు కెమెరా, అంతవరకూ ఎవరూ అడగని దాన్ని నేనే తెప్పించుకున్నాను. బర్రె తాపీగా వంతెన ఎక్కి తండా దారి పట్టింది.

సాయవ్వ లేచి నిలబడింది. "ఓయమ్మ, తల్లిగారింటికి పోయిందే గది!"

అందరూ నవ్వారు, నర్సింలు తప్ప. అతను గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. సాయవ్వ వెళ్లి అతని చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, నోరు జారిన. మనసుల పెట్టుకోకు."

"ముందుగాల బండెక్కు అవ్వా, బర్రెను తెచ్చుకుందాం" అన్నాడు.

పెద్దమనిషి తన కుర్చీ నా వైపు జరిపి, "కూసో అమ్మా" అన్నాడు. కూర్చున్నాను. గర్వంగా అనిపించింది, దాచుకోవడం దేనికి?

అప్పటినుంచి ఎవరు వీడియో చూపించి తీర్పు చెప్పమన్నా, ముందు గడియారం సరిచూస్తాను. ఏది ముందో ఏది వెనకో తేలకుండా ఒకరిని దొంగ అనడానికి ఒప్పుకోను.

ఆ సాయంత్రం చౌరస్తా కెమెరాలో ఇంకో క్లిప్పు పడింది. నర్సింలు ట్రాలీ మెల్లగా ఊళ్లోకి వస్తోంది, వెనక బర్రె, అతని పక్కన సాయవ్వ. దాన్ని ఆ మూడింటి చివర చేర్చి పెట్టుకున్నాను. మనసు బాగాలేని రోజు నాలుగూ వరుసగా ఆడించుకుంటాను.