కొండెక్కనన్న దీపం

ఆ రోజుల్లో ఢిల్లీలో వంటగ్యాస్ మనుషుల భుజాలెక్కి వచ్చేది. గొట్టంలో తనంతట తాను నడిచి రావడం అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. మెట్రో వాళ్ళు ఒక పక్క నుంచి, గొట్టాల వాళ్ళం మేము ఇంకో పక్క నుంచి నగరాన్ని తవ్వి పోస్తుంటే, ఏ గొయ్యి ఎవరిదో తెలియక ఢిల్లీ జనం అందరినీ కలిపి సమానంగా తిట్టేవారు. నేను కాకినాడలో డిప్లొమా ముగించి, జనక్‌పురిలో మా పిన్నిగారింట్లో మకాం పెట్టి, ఒక గొట్టపు గ్యాస్ కంపెనీలో ట్రైనీగా చేరాను. ఈ వార్తను మా నాన్న తుని ఊరంతా "మావాడు ఢిల్లీలో గ్యాస్ ఇంజినీరు" అని చాటాడు. విన్నవాళ్ళలో సగం మంది కడుపుబ్బరానికి మందేమన్నా పంపమన్నారు. మిగతా సగం "గ్యాస్ కొట్టడం మీ వంశంలోనే ఉంది కదండీ" అన్నారు. (ఈ రెండో సగానికి మా వంశం బాగా తెలుసు.)

శిక్షణ అంటే ఏవో మహాయంత్రాలు నా కోసం ఎదురు చూస్తుంటాయనుకున్నాను. తీరా వెళితే చేతికి బ్రష్షూ, గిన్నెడు సబ్బునీళ్ళూ ఇచ్చారు. గొట్టం అతుకు మీద నురగ పూయాలి, బుడగ లేస్తుందేమో కన్నార్పకుండా చూడాలి. లేచిందా, గ్యాస్ కారుతున్నట్టు. ఆ చలికాలంలో నేను చూసిన బుడగల్ని వరసగా పేర్చి ఉంటే యమున మీద ఇంకో వంతెన అయ్యేది. మమ్మల్ని ఇంజినీర్లుగా తీర్చిదిద్దే భారం ఒక హర్యానా పెద్దమనిషి మీద పడింది. ఆయన కోటును ఎవరో ఏనుగు కోసం కుట్టించి, ఏనుగు వద్దంటే ఈయనకిచ్చినట్టుండేది. ఆయన ఎవరినీ తిట్టేవాడు కాదు. తప్పు చేసినవాడి కేసి చూసి, పెదాలు బిగించి "ఫుస్స్" అనేవాడు, అంతే. గ్యాస్ పోయిన చప్పుడూ అదే, ట్రైనీ పోయిన చప్పుడూ అదే. అందుకని మేమంతా ఆయన్ని ఫుస్ సాబ్ అనుకునేవాళ్ళం (ఆయన లేనప్పుడు, అదీ గుసగుసగా).

ఇంజినీరుగా పాసవ్వాలంటే ఆఖరి పరీక్ష ఒకటుంది. ఒక ఇంటికి మొట్టమొదటిసారిగా గ్యాస్ ఎక్కించే పని మొత్తం ఒంటిచేత్తో చేసి చూపించాలి. ఫుస్ సాబ్ పక్కన నిలబడి చూస్తాడు, వేలు కూడా కదపడు. గ్యాస్ వాల్వు తెరిచే ముందు ఇంటివాళ్ళతో, వాళ్ళకి అర్థమయ్యే భాషలో, ఒక వాక్యం చెప్పి తీరాలి: "ఇంట్లో వెలుగుతున్న మంటలన్నీ ఆర్పండి." చెప్పి ఊరుకోవడం కాదు, ఆర్పేదాకా చూడాలి. నేను అప్పటికే ఒకసారి ఆ పరీక్ష తప్పి ఉన్నాను. కంగారులో చెయ్యి జారి సబ్బునీళ్ళు మొత్తం ఫుస్ సాబ్ బూట్లలో పోశాను. రెండోసారి తప్పితే ఇంటికే. ఇల్లంటే తునిలో మా మావయ్య ఎరువుల కొట్టు. అక్కడ యూరియా బస్తాల మధ్య నా కోసం ఒక స్టూలు దులిపి సిద్ధంగా ఉంచారని కబురు కూడా వచ్చింది.

రెండో పరీక్షకి ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్సులో ఒక మూడో అంతస్తు ఇల్లు పడింది. "తేరే హీ లోగ్ హైఁ, మీ తెలుగువాళ్ళే" అన్నాడు ఫుస్ సాబ్, వరమిస్తున్నట్టు. నేను లోలోపల ఎగిరి గంతేశాను. ఆఫీసుకి ఒంటిపూట సెలవు పెట్టిన ఆ ఇంటి కోడలుగారు తలుపు తీసి, "ఆయియే భయ్యా" అంటూనే నా మొహంలో ఏం కనిపెట్టిందో, "మనవాళ్ళా? ఏ ఊరండీ?" అంది.

"తునండి."

"అచ్ఛా! మాది సామర్లకోట! రండి రండి. సిలిండరు నిన్ననే అయిపోయింది. ఇవాళ మీరు గ్యాస్ ఇవ్వకపోతే రాత్రికి మాకు అరటిపళ్ళే."

ఆ క్వార్టర్సులో దేవుడికి వేరే గది మంజూరు కాలేదు. అందుచేత ఆయన సపరివారంగా వంటింటి అలమారలో, సరిగ్గా మా గ్యాస్ మీటరు పక్కన కాపురముంటున్నాడు. ఆయన ముందు పెద్ద ఇత్తడి కుందిలో దీపం. దీపం ముందు పీట మీద బామ్మగారు. అది కార్తీకమాసం. నెల పొడుగునా వెలగాల్సిన అఖండదీపం అది. పెళ్ళయిన ఏడాది నుంచీ ఆవిడ ఈ వ్రతం తప్పలేదట. ఒక కార్తీకంలో ప్రయాణం పడితే దీపాన్ని లాంతర్లో పెట్టుకుని రైలెక్కిందట. టికెట్ కలెక్టరు దండం పెట్టి దానికి కిటికీ పక్క సీటిచ్చాడట. (ఇది ఆవిడ చెప్పింది. నేను ఒక్క ముక్క కూడా కలపలేదు, సీటు తప్ప.)

నేను గొంతు సవరించుకున్నాను. వాక్యం నోటిదాకా వచ్చింది, పళ్ళ దగ్గర ఆగిపోయింది. దీపం ఆర్పండి! ఆ మాట పుట్టి బుద్ధెరిగాక నేను అనలేదు. చిన్నప్పుడు ఒకసారి "దీపం ఆరిపోయిందే" అన్నందుకు మా అమ్మ నోటి మీద ఒకటి వేసి, "కొండెక్కింది అనాలిరా" అని నేర్పింది. సరే, కొండెక్కింది అనవచ్చు. కానీ ఎక్కించమని చెప్పేదెలా? అదేదో ఎదుటివాళ్ళ దీపాన్ని మెడపట్టి తోస్తున్నట్టుంటుంది. దీపం తనంతట తాను ఎక్కాలే గాని, దాన్ని మర్యాదగా ఎక్కమనడానికి మన భాషలో మాటే లేదు. ఇంత పెద్ద భాషలో ఇంత చిన్న మాట కరువైందని నాకు ఆ రోజే తెలిసింది.

"బామ్మగారూ... ఇంట్లో మంటలూ అవీ..."

"మంటలేమిటి నాయనా, శుభమా అని గ్యాస్ వస్తుంటే!"

"అంటే, ఈ దీపం..."

"దీపానికేం? లక్షణంగా ఉంది."

"అదేనండి ఇబ్బంది. అది కాస్త కొండెక్కితే..."

"ఎందుకెక్కుతుందీ? ఇప్పుడేగా గిన్నెడు నూనె పోశాను! పున్నమి దాకా దిగులు లేదు."

వెనక నుంచి ఫుస్ సాబ్, "క్యా బోలా తూనే?" అన్నాడు, ఏం చెప్పావని.

నా హిందీ అప్పటికి నా సర్టిఫికెట్టు లాగే సగంలో ఉంది. "పహాడ్ పే చఢ్‌నే కో బోలా సర్" అన్నాను, కొండెక్కమన్నానని.

"పహాడ్ పే? కౌన్ చఢేగా?" అన్నాడు, ఎక్కేదెవరని.

"దీపక్, సర్."

ఫుస్ సాబ్ ఇల్లంతా కలయజూశాడు. "యే దీపక్ కౌన్ హై? ఘర్ మేఁ ఔర్ భీ కోయీ హై?" అన్నాడు, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని. మంచం కింద కూడా వంగి చూశాడు. కొండెక్కబోయే దీపక్ అనేవాడు ఇంట్లో ఎవడూ లేడనీ, అది దీపమనీ కోడలుగారు నవ్వాపుకుంటూ వివరించింది. ఆయన దీపం కేసి చూశాడు, బామ్మగారి కేసి చూశాడు, పెదాలు బిగించడం మొదలెట్టాడు. నాకు యూరియా వాసన గుప్పున కొట్టింది.

"అత్తయ్యా, ఒక్క పావుగంటే కదా, మళ్ళీ వెలిగించుకోవచ్చు" అంది కోడలు.

"మళ్ళీ వెలిగిస్తే అది అఖండం ఎలా అవుతుందే? ఖండం అవుతుంది. నాకు గ్యాసూ వద్దు, ఏమీ వద్దు. అరటిపళ్ళే తింటాను."

అప్పుడు నా నోట్లోంచి, నా ప్రమేయం లేకుండా, "పోనీ బామ్మగారూ, ఆర్పకుండా... బయటికి షికారు తీసుకెళదామా?" అని వచ్చింది.

బామ్మగారు ఆలోచించింది. రైలెక్కిన దీపానికి మెట్లు దిగడం ఒక లెక్కా?

ఆ ఊరేగింపు ఆర్.కె. పురం చరిత్రలో రాయదగినది. ముందు ఫుస్ సాబ్, ఆయన వెనక రెండు చేతులా కుంది పట్టుకుని బామ్మగారు, పక్కన దీపం మీద నా హెల్మెట్టు గొడుగులా పట్టి నేను, వెనక నూనెసీసాతో కోడలుగారు. మెట్లు బాగానే దిగాం. బ్లాకు దాటి రోడ్డు మీదికి రాగానే నవంబరు గాలి మా కోసమే కాచుక్కూర్చున్నట్టు కొట్టింది. మంట అడ్డంగా వాలి, నీలంగా మారి, వత్తి చివర ఆవగింజంత అయింది. ఆవిడ వ్రతమూ, నా ఉద్యోగమూ ఆ ఆవగింజ మీద నిలబడ్డాయి. సరిగ్గా అప్పుడు, జీవితమంతా మంటలార్పించడమే వృత్తిగా పెట్టుకున్న ఫుస్ సాబ్, "రుకో!" అని అరిచి తన ఏనుగు కోటు రెండు రెక్కలూ బార్లా చాపి గాలికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ పక్కకి నాయనా, ఇంకొంచెం ఆ పక్కకి" అంటోంది బామ్మగారు తెలుగులో. ఆయన "హాఁ మాజీ, హాఁ మాజీ" అంటూ జరుగుతున్నాడు, ఒక్క మాటా పొల్లుపోకుండా అర్థమైనట్టు. ఆవగింజ కాస్తా మెల్లగా శనగగింజ అయింది.

ఎదురు బ్లాకు కింది ఇంట్లో నరసాపురం నుంచి వచ్చిన ఒక నర్సుగారు ఉండేది. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న మనిషి నిద్రకళ్ళతో తలుపు తీసి, వాకిట్లో నిలబడ్డ మమ్మల్నందరినీ చూసి, సంగతి విని, సిలువ బొమ్మ పక్కన బల్ల ఖాళీ చేసింది. "ఐసీయూలో పేషెంటులా చూసుకుంటాను, మీరు వెళ్ళి పని కానివ్వండి" అంది.

బామ్మగారు గోడ మీది యేసు పటం కేసి చూసి, "ఆయనకేం అభ్యంతరం లేదు కదమ్మా?" అంది.

"వెలుగంటే ఆయనకి ఇష్టమే పెద్దమ్మగారూ, కూర్చోండి."

బామ్మగారు దీపం దగ్గరే కూర్చుండిపోయింది. మేము మళ్ళీ మెట్లెక్కాం. ఇంట్లో నిప్పన్నది లేదని గది గదీ చూసి వాల్వు తెరిచాను, గొట్టంలోని గాలిని కిటికీ బయటికి పంపాను, అతుకులకు సబ్బునీళ్ళు పూశాను. ఒక్క బుడగ లేవలేదు. బూట్లు కూడా తడవలేదు. స్టవ్ వెలిగిస్తే నీలిమంట పువ్వులా విచ్చుకుంది. కబురందుకుని దీపంతో సహా తిరిగొచ్చిన బామ్మగారు దాన్ని చూసి, "ఇదీ నీలంగానే ఉందేమిటి, దీనికీ చలేసిందా?" అని అడిగి, అందరికీ కాఫీ పెట్టింది.

అంతా అయ్యాక మెట్ల మీద ఫుస్ సాబ్ ఆగాడు. "తూనే వాక్య్ నహీఁ బోలా" అన్నాడు. చెప్పాల్సిన వాక్యం చెప్పలేదు, నిజమే. నేను తల దించుకుని, మా వైపు దీపాన్ని 'బుఝావో', ఆర్పెయ్యి, అని ఎవరూ అనరనీ, అంటే అమ్మలు కొడతారనీ నా సగం హిందీలో చెప్పుకున్నాను. 'ఫుస్స్' కోసం ఎదురు చూస్తూ నిలబడ్డాను. అది రాలేదు.

"మా అమ్మా అనేది కాదు" అన్నాడాయన నెమ్మదిగా, హిందీలోనే. "'దీయా బఢా దో' అనేది." దీపాన్ని పెంచు అని మాట, ఆర్పు అని అర్థం. చిన్నప్పుడు ఆయన ఆ మాట నిజమనుకుని ఇంత నూనె పోసి, వత్తి ఎగదోశాడట. వాళ్ళమ్మ వీపు మీద ఒకటి వేసి, తర్వాత నవ్వీ నవ్వీ కూలబడిందట. ఇది చెబుతూ ఆయనా నవ్వాడు. కోటుకంటిన నూనె మరక తుడుచుకుంటున్నట్టు కాసేపు కిందికే చూశాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "చల్, ఇంజినీర్ సాబ్" అన్నాడు.

ఆ సాయంత్రం జనక్‌పురి బస్సులో నేను హెల్మెట్టు తీయలేదు. ఇంజినీరన్నవాడు హెల్మెట్టు తీయకూడదు. బస్సంతా నా కేసే చూస్తోంది. ఒక పెద్దాయనైతే పక్కకి జరిగి చోటు కూడా ఇచ్చాడు. ఉద్యోగం అప్పుడే మొహంలో కనిపిస్తోందన్నమాట అనుకుని, దిగేదాకా ఛాతీ దించలేదు. ఇంటికెళ్ళి హెల్మెట్టు తీస్తే పిన్ని పకపకా నవ్వి, "ఎవర్రా నీకు ఇంత దిష్టిచుక్క పెట్టిందీ?" అంది. అద్దంలో చూసుకుంటే, హెల్మెట్టు లోపలంటిన దీపం మసి నుదుటి మీద అరచేతి వెడల్పున పరుచుకుని ఉంది. పిన్ని కొంగుతో తుడవబోతే వద్దన్నాను.

ఇప్పుడు నన్ను చూసి దిష్టి పెట్టేవాళ్ళెవరూ లేరు, పెట్టడానికి ఏమీ లేదు కూడా. కానీ ఆ బస్సులో, బోడి సర్టిఫికెట్టుకి అంత ఛాతీ విరుచుకుని కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకున్నప్పుడల్లా, ఆ చుక్క ఇంకాస్త పెద్దది పెట్టాల్సింది అనిపిస్తుంది.