మూడు వందల తూటాలు విప్పించిన ఉస్తాద్

మా ఉస్తాద్ పోయాడని పోయిన గురువారం ఆయన అల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. జగిత్యాల దగ్గర వాళ్ళ ఊళ్ళో, పొద్దున టీ తాగి కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్ళిపోయాడట. ఫోన్ పెట్టేశాక నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి మూడేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. అది వినకుండానే వెళ్ళిపోయాడు.

దుబాయ్ శివార్లలో ఒక షూటింగ్ క్లబ్బులో మేమిద్దరం పనిచేశాం. సభ్యులు కాల్చి పడేసిన తూటాల ఇత్తడి గుల్లలు ఏరి, కడిగి, మళ్ళీ మందూ గుండూ పెట్టి నింపే ప్రెస్ ఒకటి మా వర్క్‌షాపులో ఉండేది. పిడి చేత్తో లాగితే పనిచేసేది. ఆయన జెబెల్ అలీ రేవు దగ్గర లేత్ మీద ఏళ్ళ తరబడి చేసి అక్కడికి వచ్చినవాడు. నేను 2003లో, ముప్పై దాటాక, రాజమండ్రి నుంచి వచ్చి ఆయన కింద చేరాను.

చేరిన రోజే చివాట్లు. రాజమండ్రిలో లారీ షెడ్డులో చేసిన అలవాటుకొద్దీ ప్రెస్‌కు గ్రీజు దండిగా పట్టించాను. ఆయన వేలితో గీసి చూపించాడు, గ్రీజు నిండా సన్నటి ఇసుక. "మిషన్‌కు తలంటు పోస్తున్నవా తమ్మి? ఈ దేశంల గ్రీజు పెడ్తె ఇసుకను పిల్చి కూసోవెట్టినట్టే" అన్నాడు. పాత లుంగీ ముక్కతో అంతా తుడిపించి, ఒక్క చుక్క నూనె రాయించి, ఆ చుక్కనీ తుడిపించేశాడు. తుడిచేసేదానికి రాయడం ఎందుకని విసుక్కున్నాను. ఇప్పుడు నేనూ అలాగే చేస్తున్నాను.

అరిగిన స్ప్రింగ్ మార్చాలంటే దుబాయ్‌లో నైఫ్ అనే బజారులోని దుకాణాలన్నీ తిప్పేవాడు. ఒక్కోదాన్ని బొటనవేలితో నొక్కి చూసి, ఇది కాదని పక్కన పెట్టేసేవాడు. మమ్మల్ని చూడగానే దుకాణాల వాళ్ళు మొహాలు చిట్లించేవాళ్ళు. ఎండలో ఆయన వెనక నడుస్తూ ఎన్నిసార్లు లోపల తిట్టుకున్నానో లెక్కలేదు. నాకు వచ్చిన పనంతా ఆ తిట్టుకోవడంలోనే వచ్చింది.

2005లో పోటీలు దగ్గర పడ్డాయని మా ముదీర్, అంటే మేనేజరు, పని జోరు పెంచడానికి ప్రెస్‌కు కొత్త భాగాలు తెప్పించాడు. గుల్లలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిప్పే పళ్ళెం అందులో ముఖ్యమైనది. ఉస్తాద్ దాన్ని బిగించి చూసి, ఆగాల్సిన చోటుకు వెంట్రుకవాసి ముందే ఆగుతోందని విప్పేశాడు. అలా ఆగితే ఏదో ఒక గుల్లలో మందు సరిగ్గా పడకపోవచ్చు. అప్పుడు మోత పేలవంగా వచ్చి గుండు తుపాకీలోనే ఇరుక్కుంటుంది, తర్వాతి తూటాకు తుపాకీ మనిషి చేతిలోనే పేలిపోతుంది. "కొత్త సామాను వచ్చినంత మాత్రాన మిషన్ కొత్తది కాదు తమ్మి, వాపస్ పంపుదాం" అన్నాడు. ముదీర్ మాత్రం యల్లా యల్లా, తొందరగా కానివ్వండి అంటూ రోజుకు రెండుసార్లు వచ్చి నిలబడేవాడు.

ఆ శుక్రవారం సెలవు. నేనొక్కణ్ణే వెళ్ళి, ఆ పళ్ళెమే బిగించి, మూడు వందల తూటాలు నింపేశాను. మర్నాడు ముదీర్ ముందు పెట్టి శభాష్ అనిపించుకోవాలని నా ఆశ.

శనివారం పొద్దున ఉస్తాద్ పెట్టెలు చూశాడు, పళ్ళెం చూశాడు. తిట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చుని ఒక్కో తూటా విప్పడం మొదలుపెట్టాడు. గుండు ఊడదీసి, మందు తూచి, పక్కన పెట్టడం. ఇద్దరం రెండు రోజులు అదే పని. నా వేళ్ళు బొబ్బలెక్కాయి. మూడు వందలూ విప్పాం, ఒక్కదాంట్లోనూ తప్పు లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు బూడిదలో పోశారు ఉస్తాద్ గారూ, అన్నాను.

"తప్పు లేదని ఇయ్యాల ఎర్కైంది. మొన్న నింపేటప్పుడు నీకు ఎర్క ఉండెనా?" అన్నాడు.

పోటీలకు తూటాలు అందలేదు. అవి ఎవరు నింపారు, ఎవరు విప్పారని ముదీర్ అందరి ముందూ అడిగాడు. నేను నోరు విప్పలేదు. రెండూ తానేనన్నాడు ఉస్తాద్. ఆ నెలాఖరుకు ఆయన వీసా కేన్సిల్ చేశారు. ఊళ్ళో కడుతున్న ఇంటికి స్లాబు పడేదాకా ఇంకో రెండేళ్ళు ఉండాలని ఆయన అనుకోవడం నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

తర్వాత నెలకోసారి ఫోన్ చేసేవాణ్ణి, తప్పు ఒప్పుకుందామనే. ప్రెస్ ఎలా ఉంది, పిడి వదులైతే బిగించావా అని ఆయనే అడిగేవాడు. ఫోన్ కార్డు అయిపోతుంది పెట్టెయ్యమనేవాడు. నేనూ పెట్టేసేవాణ్ణి. నా మీద నాకున్న చిరాకు అప్పటిది.

మొన్న శనివారం ముదీర్ గదిలోకి వెళ్ళాను. ఉస్తాద్ పోయాడనీ, ఆ తూటాలు నింపింది నేననీ చెప్పేశాను. ముదీర్ హిందీలో, నాకు అప్పుడే తెలుసు అన్నాడు. ఆ శుక్రవారం గేటు పుస్తకంలో నా సంతకం ఒక్కటే ఉందట. ఉస్తాద్‌ను లోపలికి పిలిచి రెండుసార్లు అడిగితే, వర్క్‌షాపు నాది, అందులో జరిగిన పనీ నాదే అన్నాడట. పైవాళ్ళకు ఒక పేరు ఇవ్వక తప్పలేదన్నాడు.

మరి నన్నెందుకు ఉంచారని అడిగాను.

"ఆయనే చెప్పాడు. మూడు వందలూ విప్పినవాణ్ణి పంపొద్దు, వాడు మళ్ళీ ఆ తప్పు చెయ్యడు అన్నాడు."

బయటికి వచ్చాను. రేంజిలో సభ్యులు అప్పుడే కాల్చడం మొదలుపెట్టారు. గురువారం నేను నింపిన తూటాలే. గోడ నీడన నిలబడ్డాను. ఒక మోత, కాస్త ఆగి ఇంకో మోత. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పెట్టె ఖాళీ అయ్యేదాకా వింటూ అక్కడే నిలబడ్డాను.