నూట అరవై మూడో పేజీలో లేని మోకాలు

క్యోటోలో గెయిషాలకు యాభై ఏళ్ళు నడికట్లు బిగించిన యసుకిచి, డెబ్బై తొమ్మిదో ఏట తమ వీధి గెయిషాల మీద వచ్చిన ఒక చారిత్రక నవల చదవడానికి పట్టాడు. అప్పటికే వీధి వీధంతా దాన్ని చదివి ముక్కులు చీదుతోంది. ఆయన మాత్రం భూతద్దం పెట్టి నాలుగు వందల పేజీల్లో తన కోసం వెతుక్కున్నాడు. పిల్లికి రెండు అధ్యాయాలు దక్కాయి. నడికట్టు కట్టేవాడికి ఒక్క వాక్యం లేదు. పైగా నూట అరవై మూడో పేజీలో నాయిక అద్దం ముందు ఏడుస్తూ, పన్నెండు మూరల పట్టు నడికట్టు తనంతట తానే కట్టేసుకుంది.

నవ్వుతూ అయినా దాన్ని ఎవరూ ఒంటరిగా కట్టుకోలేరు. వెనక నుంచి నడుముకి మోకాలు నొక్కిపెట్టి మగవాడు గుంజాలి. ఆ గుంజుడుకే యసుకిచి మణికట్లు వంకరపోయాయి.

రచయిత్రి చివర్లో కృతజ్ఞతలు చెప్పింది ఉమెచికకి. ఒకప్పటి గెయిషా, ఇప్పుడు వీధి మలుపులో కాఫీ కొట్టు. యసుకిచి తిన్నగా అక్కడికే పోయాడు. తనకంటే మూడేళ్ళు చిన్నదైనా, ఆ వీధి పద్ధతి ప్రకారం ఆమెను అక్కా అనే పిలుస్తాడు.

"ఒక్కదానివే కట్టుకునేదానివని చెప్పావా అక్కా?"

"చెప్పాను. ముసలాడు మోకాలు పెట్టి రొప్పుతున్నాడంటే చదివేవాళ్ళు ఏడుస్తారా?"

"అప్పుడు నేను ముసలాణ్ణి కాదు."

"రొప్పేవాడివి మాత్రం."

ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. యాభై ఏళ్ళ బతుకు ఒక్క అబద్ధంతో తుడిచిపెట్టుకుపోయింది.

శనివారం గ్రంథాలయంలో పాఠకుల సభ. రచయిత్రి పక్కన తను పాత అలంకారంతో కూర్చోవాలి కాబట్టి, నడికట్టు కట్టమని ఉమెచిక ఆయన్నే పిలిపించింది. గ్రంథాలయం వెనక గదిలో యసుకిచి పట్టు చుట్టి, మోకాలు ఆనించి, సగంలో ఆగిపోయాడు.

"ఏం, కట్టవేం?"

"నూట అరవై మూడో పేజీ ప్రకారం నువ్వే కానియ్యి, అక్కా."

ఆమె చేతులు వెనక్కి పోనిచ్చి తడుముకుంది. అందలేదు. కాసేపు తిట్టింది. తర్వాత గొంతు తగ్గించింది.

"నీ మోకాలు లేకుండా నేను ఏనాడూ గడప దాటలేదు. చెప్పుకోడానికి సిగ్గేసింది."

"నాకెందుకు చెప్తావు? సభలో వాళ్ళకి చెప్పు."

ముడి బిగించాడు.

సభలో ఎవరో ఆ పేజీనే తెగ మెచ్చుకున్నారు. ఉమెచిక మైకు లాక్కుంది.

"అది నేను చెప్పిన అబద్ధం. ఇది కట్టింది యసుకిచి. అప్పుడూ, ఇప్పుడూ. అదిగో, వెనక కూర్చున్నాడు."

అందరూ వెనక్కి తిరిగారు. కుర్చీ ఖాళీ. అతిథుల కంటబడకుండా తప్పుకోవడం ఆయన వృత్తిధర్మం. ఆమె మైకు లాక్కోగానే, ఎప్పటిలాగే వెనక తలుపు దాటి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి నిలబడ్డాడు, చెవి మాత్రం తలుపుకి ఆనించి.