సైరన్ మోగినా తెరవని గేటు

మొన్న కరీంనగర్‌లో మా మనవడు ఆడే ఫుట్‌బాల్ మ్యాచ్ చూద్దామని పోతే, మైదానంలో గీతలు గీసిన తడి సున్నం వాసన ముక్కుకు తగిలి గేటు దగ్గరే ఒక నిమిషం ఆగిపోయాను. మెడలో కార్డు వేలాడేసుకున్న కుర్రవాడొకడు వచ్చి నా చేతికర్ర గుంజుకున్నాడు. "తాతా, కట్టె లోపటికి తీస్కపోనియ్యం. ఈడ్నే పెట్టి పో" అన్నాడు. కర్ర లేకుంటే పడిపోతానన్నా వినలేదు. ఆట చూడవచ్చినవాణ్ణి దొంగను చూసినట్టు చూసే ఆ చూపు నాకు కొత్త కాదు. యాభై ఏళ్ల కింద, నా పదో ఏట, మందమర్రి దిక్కున ఒక బొగ్గుబాయి కాలనీలో దాన్ని మొదటిసారి చూశాను.

మేము గనిని బాయి అనేవాళ్లం, నాన్నను బాపు, అమ్మను అవ్వ. బాపు ఆ బాయిలో బొగ్గు నింపేవాడు. దసరా పోయి చలి మొదలయ్యే రోజుల్లో పొద్దున్నే ఇంటింటి బొగ్గుపొయ్యి పొగ వాకిట్లో నడుమెత్తున నిలబడేది, ఉట్నూరు అడవుల నుంచి సీతాఫలాల గంపలు దిగేవి, మేము ఆ గింజలు ఒకరి మీద ఒకరం ఉమ్ముకుంటూ పాత గుడ్డలు చుట్టి కట్టిన బంతిని సాయంత్రం దాకా తన్నేవాళ్లం. మా ముక్కులు, మా గోళ్లు, ఆరేసిన ధోవతులు, అన్నిటిదీ ఒకటే రంగు. ఆ రోజుల్లోనే బాయిల నడుమ ఫుట్‌బాల్ పోటీలు జరిగేవి. మా బాయి జట్టు ఆడుతుందంటే షిఫ్టు దిగినవాళ్లు మొహం కూడా కడగకుండా మైదానానికి వచ్చేవాళ్లు. గోలు పడితే చప్పట్లు కొట్టడం మా దగ్గర లేదు, అన్నం డబ్బాల మూతలు కొట్టేవాళ్లం. పదివేల మంది ఒక్కసారి మూతలు కొడితే మంచిర్యాల దాకా వినపడేది.

పదివేలు అన్నానా? ఆ మైదానంలో అంతమంది నిలబడాలంటే ఒకరి నెత్తి మీద ఒకరు ఎక్కాలి. ఆరేడు వందలు ఉంటారు.

అంతకు ముందు ఏడాది గెలిచిన సంబరంలో జనం మైదానంలోకి ఉరికి మా గోల్‌కీపర్‌ను భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. చేసిన నేరం అదొక్కటే. దానికి ఆ ఏడాది కంపెనీ పెద్దసార్లు మేము నిలబడే జాగా చుట్టూ ముళ్లకంచె కట్టించి, ఒకే ఒక్క గేటు పెట్టి, బయటి నుంచి వ్యాను నిండా పోలీసులను తెప్పించారు. సార్లకు మాత్రం అవతలి పక్కన షామియానా, కుర్చీలు, చల్లని సోడాలు. వాళ్ల దిక్కు కంచె లేదు.

గేటు దగ్గర అందరి డబ్బాల మూతలూ తీసేసుకుని గుట్టగా పోశారు. అవ్వ బతుకమ్మ పండుగకు చేసిన మలీద ముద్దలు మిగిలితే డబ్బాలో పెట్టుకొచ్చింది. ఒక పోలీసు వాటిని లాఠీ కొనతో పొడిచి చూశాడు.

"డబ్బల ఏమున్నయ్?"

"రొట్టె, బెల్లం సారూ. పొడిసినవ్ గద, ఇగ నువ్వే తిను" అంది అవ్వ.

వెనక ఉన్న లచ్చవ్వ కిసుక్కున నవ్వింది. లచ్చవ్వ మా పక్కింటామె. ఆమె భర్త మల్లయ్య, మా బాపు ఆ పూట ఒకే జాగాలో పనికి దిగారు. అందరం లోపలికి పోయాక గేటుకు తాళం వేశారు. తాళంచెవి కంపెనీ వాచ్‌మన్ అంజయ్య చేతిలో ఉంది. ఆయన ఇల్లూ మా వరుసలోదే.

ఆట రెండో సగంలో సైరన్ మోగింది. షిఫ్టు మారేటప్పుడు ఒక్కటే పొడుగు కూత. ఇది ఆగి ఆగి మోగింది. అట్లా మోగిందంటే బాయిలో ప్రమాదం జరిగిందని మా కాలనీలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అట్లా మోగితే ఆడవాళ్లు పొయ్యి మీది కూర పొయ్యి మీదే వదిలేసి బాయి మూతికాడికి ఉరికేవాళ్లు. పైకి వచ్చిన ప్రతి మనిషి కళ్లు నులుముకుని ముందు తన వాళ్ల మొహం వెతుక్కునేవాడు. మా దగ్గర అది ఆనవాయితీ.

బంతిని వదిలేసి ఇరవై రెండు మంది ఆటగాళ్లూ బాయి దిక్కు ఉరికారు. వాళ్లను ఎవరూ ఆపలేదు. మేమందరం గేటు మీద పడ్డాం. బయటినుంచి వచ్చిన పోలీసులకు ఆ కూత అర్థం తెలియదు. జనం మైదానంలోకి దూకుతున్నారనుకుని లాఠీలు ఎత్తారు. తెలియకపోతే అడగాలి కదా. ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పేవాళ్లం. ముందు దెబ్బ, తర్వాత కూడా దెబ్బే.

"అంజన్నా, సైరన్ ఇనవడ్తలేదా? తాళం తియ్యి" అని అరిచింది అవ్వ.

"ఇనవడ్తుంది వదినె. సారు చెప్పందే తియ్యద్దన్నరు. నా నౌకరి పోతది."

"నీ నౌకరి పోతదా? గాడ మా మొగోల్లు పోతున్నరు" అంది లచ్చవ్వ.

అంజయ్య షామియానా దిక్కు చూశాడు. సార్లు అప్పటికే జీపులెక్కి బాయికి పోయారు. పోతూ పోతూ గేటు తియ్యమని ఒక్కరు కూడా చెప్పలేదు.

ఆ రోజు నా వీపు మీద ఆరు లాఠీ దెబ్బలు పడ్డాయని, ఏడోది పడబోతుంటే పోలీసు చెయ్యి కొరికానని నా పెళ్లిలో కూడా చెప్పుకున్నాను. నేను కొరకలేదు. నాకు దెబ్బ పడలేదు. నేను అవ్వ చీర కుచ్చిళ్లలో తల దూర్చి కళ్లు మూసుకున్నాను. నా మీద పడాల్సిన దెబ్బకు ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఆ మణికట్టు మళ్లీ సరిగ్గా అతకలేదు. ఆ తర్వాత ఎన్ని దసరాలు వచ్చినా మలీద ముద్ద ఒంటిచేత్తోనే కట్టేది.

చివరికి మగవాళ్లు కంచె గుంజలు పీకారు. ముళ్లకు చీరలు చినుగుతున్నా ఆగకుండా అందరం బాయి దగ్గరికి చేరేసరికి బాపు మూతికాడ ఒక పక్కకు ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు.

"పైకొస్తే మన ఇండ్లోల్లు ఒక్కరు లేరు. ఊరే పోయిందనుకున్న" అన్నాడు.

లోపల పైకప్పు కూలి మల్లయ్య మీద పడింది. పైకి తెచ్చేసరికి ప్రాణం ఉంది. పావుగంట ఉంది. లచ్చవ్వ ఏదని రెండుసార్లు అడిగాడట. బాపు ఆయన చెయ్యి పట్టుకుని, వస్తుంది, వస్తుంది అని చెబుతూ కూర్చున్నాడట. లచ్చవ్వ వచ్చేసరికి మొహం మీద గుడ్డ కప్పారు.

ఇది కూడా చెప్పేస్తాను. ఆమె నేల మీద పడి ఏడుస్తుంటే నేను లోపల్లోపల సంతోషపడ్డాను, మా బాపు కాదు కదా అని. ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గే. ఆ సిగ్గును కోపం చేసుకుని అంజయ్య సైకిల్‌కు మూడుసార్లు ముల్లు గుచ్చాను. మూడు కాదు, ఒక్కసారే. నేనేనని తెలిసి కూడా ఆయనే కూర్చుని పంక్చర్ వేసుకున్నాడు. తాళం వెయ్యమన్నవాళ్లకు సైకిళ్లు లేవు, జీపులుండేవి. జీపు దాకా నా ముల్లు పోలేదు.

వారం తర్వాత విచారణకు ఒక అధికారి వచ్చాడు. బాయి సంగతి వేరే కాగితమట. ఈయన కంచె సంగతి రాసుకోవడానికి వచ్చాడు. గుంజలు పీకినవాళ్ల పేర్లు అడిగాడు. ఏడుగురి మీద కేసు పెట్టారు, బాపు అందులో లేకపోయినా కాలనీ అంతా వాళ్లతో పాటే వాయిదాలకు తిరిగింది. లచ్చవ్వ బొట్టు లేని మొహంతో వచ్చి ఆయన బల్ల ముందు నిలబడింది.

"సారూ, మా ఆయన పావుగంట బతికే ఉన్నడు. నన్ను అడిగిండు. గా పావుగంట నేను మీ కంచెల ఉన్న. గిది రాస్కో."

ఆయన కలం మూత పెట్టి, అది దీనికి సంబంధం లేదమ్మా అన్నాడు.

ఇప్పుడు ఆ బాయి లేదు, మూసేశారు. మైదానాన్ని, మా వరుస ఇళ్లను నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గుంత మింగేసింది. సైరన్ వినేవాళ్లూ లేరు. అంజయ్య పోయాడు, అవ్వా బాపూ పోయారు, లచ్చవ్వ కూడా పోయింది. ఆ కాగితం ఏ బీరువాలోనైనా మిగిలే ఉంటుంది, జనం కంచె విరగ్గొట్టారని చెబుతూ. ఆమె రాయమన్న మాట అందులో లేదు. అందుకే ఇక్కడ రాశాను. ఇందులో మాత్రం నేను ఒక్క నిమిషం కూడా పెంచలేదు. పావుగంటే.