నడవాలో బల్బన్

ఎడారి ఊరైన చాండ్లర్‌లో జూన్ ఆదివారాలు పొద్దున తొమ్మిదికే నిప్పులు చెరుగుతాయి. చెప్పులు ఎండలో విడిస్తే గంట తర్వాత వాటిలో కాలు పెట్టలేం. అందుకే తెలుగు క్లాసుకి వచ్చే నలభై కుటుంబాలూ అద్దె హాలు నడవాలోనే విడిచేవి. నడవా చివర అగ్నిప్రమాదం జరిగితే పారిపోవడానికి ఒక తలుపుంది. చెప్పుల గుట్ట వెనక అది సగమే కనిపించేది.

"ఈ ఆదివారం పదకొండుకి వచ్చి చూస్తాను. దారిలో ఒక్క జత ఉన్నా హాలు వేరేవాళ్లకి ఇచ్చేస్తాను" అని బిల్డింగ్ మేనేజర్ మెయిల్ పెట్టాడు. ఈ హాలు పోతే క్లాసు పోయినట్టే. ఇంకో చోటు కోసం రేణు ఏడాదిగా తిరిగింది, దొరకలేదు. వారమంతా చిప్పులు టెస్ట్ చేసే ఇంజినీరు ఆమె. ఆదివారం మాత్రం పిల్లల టీచరు.

నడవాలో చెప్పులు విడవొద్దని గ్రూపులో మెసేజ్ పెడితే ముప్ఫై ఒక్క బొటనవేలి బొమ్మలు వచ్చాయి.

"నువ్వూ మాలాంటి పేరెంటువే కదే, ఆర్డర్లేంటి?" అని స్నేహితురాలు రష్మి ఫోన్‌లో నవ్వింది.

శనివారం సాయంత్రం పెద్ద పిల్లలకి చెప్పాల్సిన కథ చదువుతూ రేణు రష్మి మాట గుర్తొచ్చి ఆగిపోయింది. ఢిల్లీ సుల్తాన్ బల్బన్ కూడా ఒకప్పుడు నలభైమంది అమీర్లలో ఒకడు. తమలో ఒకడి మాట వాళ్లెందుకు వింటారు? కోట పడమటి తలుపులు దొంగల భయంతో మధ్యాహ్నం నమాజుకే మూసేసేవారట. గద్దెనెక్కాక అతను అమీర్ల చేత సాష్టాంగపడి నమస్కారం పెట్టించుకున్నాడు, దర్బారులో నవ్వడం మానేశాడు. దొంగలు దాక్కునే అడవులు నరికించి దారుల్లో ఠాణాలు పెట్టాడు. రేణు కళ్లు మూసుకుంది. చెప్పుల గుట్ట చెట్లై లేచింది. ఆ చెట్ల నడుమ ఎర్ర దుమ్ములో ఒక దారి నెమ్మదిగా తెరుచుకుంటూ పోయింది.

ఆదివారం పొద్దున్నే క్లాసు గదిలో వెనక గోడకి చెప్పుల రాక్ పెట్టి, తనొచ్చి గుమ్మంలో నిలబడింది.

"చెప్పులు చేత్తో పట్టుకుని రండి. రాక్‌లో పెట్టాకే క్లాసు."

"అబ్బో, మహారాణీ!" అంది రష్మి. రేణు నవ్వలేదు. అంతకంటే కష్టమైన పని ఆ రోజు ఇంకోటి లేదనుకుంది అప్పటికి. రష్మి చెప్పులు తీసింది. ఆమె వెనక మిగతావాళ్లూ తీశారు.

పదకొండుకి పది నిమిషాలుందనగా వీరభద్రరావు గారొచ్చారు. ఈ క్లాసు మొదలుపెట్టిందే ఆయన. ఈ దేశంలో రేణు తొలి భోజనం ఆయనింట్లోనే. ఎప్పటిలాగే తిన్నగా చివరి తలుపు దాకా వెళ్లి, దాని ముందు చెప్పులు విడిచారు. నడవాలో ఉన్నవాళ్లంతా రేణు వైపు తిరిగారు. ఒక్క క్షణం రేణుకి ఆయన భుజాల మీద అమీర్లు తొడిగే జరీ అంగరఖా మెరిసినట్టనిపించింది.

"అంకుల్, చెప్పులు రాక్‌లో పెట్టండి."

"నాక్కూడానా అమ్మా?"

"మీకే ముందు అంకుల్."

ఆయన గోడ పట్టుకుని మెల్లగా వంగారు. తనే తీసి పెడదామని రేణు ప్రాణం కొట్టుకుంది. తీస్తే ఇంతమందీ చూస్తారు, వచ్చే వారం నలభై మినహాయింపులు. చేతులు వెనక్కి కట్టుకుని, గట్టిగా పట్టుకుంది.

పదకొండుకి మేనేజర్ వచ్చి ఆ చివరిదాకా నడిచి తలుపు తోశాడు. వేడిగాలి నడవా పొడుగునా అడ్డులేకుండా దొర్లింది. "హాలు డిసెంబర్ దాకా మీదే" అని వెళ్లిపోయాడు.

క్లాసయ్యాక వీరభద్రరావు గారు చెప్పులు తొడుక్కుంటూ అన్నారు, "వచ్చే వారం ఒక కుర్చీ వేయించమ్మా. మోకాళ్లు మాట వినట్లేదు."

"అలాగే అంకుల్. రాక్ పక్కన వేయిస్తా."

"ఆ చివరి తలుపు దగ్గరే నాకు అలవాటు కదా?"

"అక్కడ కుదరదంకుల్."

ఆయన తల పంకించి, ఖాళీ నడవాలో నిదానంగా నడుచుకుంటూ వెళ్లారు.